వంటింటి తలుపుకు కాపలా

క్లాటెన్,
ఫిబ్రవరి 9

వెనింగ్,

నీ ఉత్తరం చదివాను. ఎర్రసిరాతో దిద్ది ఇందులోనే పెట్టి పంపుతున్నాను. "బాగానే ఉన్నాను" అని మూడుసార్లు రాశావు. ఒకసారి రాస్తే నమ్ముతాను. మూడుసార్లు రాస్తే అనుమానం వస్తుంది. ఈ కాలంలో ఉత్తరాలేమిటని మీ నాన్న నవ్వుతున్నాడు. ఫోనులో అన్న మాట నీకూ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. కాగితం మీద రాసినదానికి ఇద్దరమూ జవాబుదారులం.

అసలు సంగతికి వస్తాను. మన పేటలో దొంగతనాలు మొదలయ్యాయి. అదీ పట్టపగలు. ఇంట్లో అలికిడి లేని వేళ చూసి వంటింట్లో దూరి గ్యాస్ బండలు ఎత్తుకుపోతున్నారు. వితోనో వాళ్ళింట్లో బండతో పాటు పొయ్యి మీదున్న గిన్నె కూడా పోయింది, ఉడికిన అన్నంతో సహా.

మన గ్యాస్ బండ పోతే ఇంకొకటి కొంటాం. నా భయమంతా అలమర గురించి. పేట ఆడవాళ్ళ సంఘం పళ్ళేలు, గ్లాసులు, పెద్ద బాణళ్ళు, ఆవిరి గుండిగలు అన్నీ మన ఇంట్లోనే ఉన్నాయి. నేను బడి నుంచి రిటైరైన ఏడాది వాటిని నా చేతికి అప్పగించారు. పెళ్ళికి తీసుకెళ్ళినా, చావుకు తీసుకెళ్ళినా ఒక్క చెంచా తగ్గకుండా తిరిగి లెక్క చూసుకున్నాను. అవి నా సొత్తు కావు కాబట్టే పోతే తలెత్తుకోలేను. పైగా జూన్‌లో మీ తాతగారి వెయ్యో రోజు. పోయినవాళ్ళకు మనం చేసేవాటిలో అదే ఆఖరిది. ఆ రోజు ఆ పాత్రలన్నీ మనకే కావాలి.

మీ ఫ్యాక్టరీలో తలుపు తెరిస్తే అరిచే యంత్రాలు తయారు చేస్తారని రాశావు కదా. మన ఇంటికి సరిపడా పంపు. ధర రాయి. మనవరాలి దగ్గరైనా ఊరికే పుచ్చుకోను.

ఎయాంగ్

*

బతామ్,
ఫిబ్రవరి 24

ఎయాంగ్,

మీ ఒళ్ళో తల ఆనించి రాస్తున్నాననుకోండి. ఈసారి బాగానే ఉన్నానని ఒక్కసారే రాస్తాను. బాగానే ఉన్నాను.

పెట్టె పోస్టులో వేశాను. ధర రాయను. డబ్బాల మీద గీతలు పడ్డాయని ఫ్యాక్టరీ పక్కన పెట్టేసిన సరుకు, పనివాళ్ళకు దాదాపు ఊరికే ఇస్తారు. లోపల ఏ లోటూ లేదు. వాటిని పరీక్షించే బల్ల దగ్గర కూర్చునేది నేనే. అయస్కాంతాన్ని దగ్గర పెట్టడం, దూరం జరపడం, దీపం వెలిగిందా లేదా చూడడం, నా ఉద్యోగం అంతే.

వైర్లు లాగే పని లేదు. ఒక్కో తలుపుకు రెండు ముక్కలు ఉంటాయి. పెద్దది ద్వారబంధానికి, చిన్నది తలుపు రెక్కకు. చిన్నదానిలో అయస్కాంతం ఉంటుంది. తలుపు మూసినప్పుడు రెండింటి మధ్య మీ చిటికెన వేలు పట్టేంత ఎడం మించకూడదు. ముక్కల పక్కన చిన్న గీత ఉంటుంది చూడండి, ఆ రెండు గీతలూ ఎదురెదురుగా రావాలి. అతికించే ముందు చెక్కను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. మన టేకు తలుపుల మీద నూనె జిడ్డు ఉంటుంది, అలాగే అతికిస్తే వారానికి ఊడి పడుతుంది. హాల్లో గోడకు పెట్టే పెద్ద డబ్బా ఒకటి ఉంది. దాని బొత్తాం నొక్కి పట్టుకుంటే నీలం దీపం ఆరి వెలుగుతుంది. అప్పుడు ఒక్కో తలుపు తెరిచి మూస్తే ఆ డబ్బా దాన్ని గుర్తుపడుతుంది. అరుపు ఆపడానికి చిన్న రిమోట్ కూడా ఉంది.

ఏ తలుపుకు ఎలా మోగాలో విడివిడిగా చెప్పొచ్చు. కొన్నిటికి సైరన్, కొన్నిటికి చిన్నగా "టింగ్". వంటింటి తలుపుకు మాత్రం టింగే పెట్టండి ఎయాంగ్. పక్కింటి యూ తుగి రోజూ పొద్దున్నే కూర గిన్నెతో వెనకనుంచి వస్తుంది కదా. ఆమెకు ముందే ఒక మాట చెప్పండి.

నాన్నను మాత్రం ముట్టుకోనివ్వకండి. మేకులు కొట్టేస్తాడు.

మీ వెనింగ్

*

క్లాటెన్,
మార్చి 16

వెనింగ్,

పెట్టె క్షేమంగా అందింది. నీకు కృతజ్ఞతలు. తర్వాత పనిలో పడి మరిచిపోతానేమోనని మొదటే రాస్తున్నాను.

మీ నాన్న సుత్తి పట్టుకుని రానే వచ్చాడు. షాపుకు పంపించేశాను. నేనూ, మీ అమ్మ స్టూలు పట్టుకోగా, అన్నీ అమర్చాం. ముందు తలుపు దగ్గర చిక్కు వచ్చింది. అది రెండు రెక్కల తలుపు కదా. నువ్వు చెప్పినట్టే ఒక ముక్క ద్వారబంధానికి, ఒకటి కుడి రెక్కకు అతికించాను. కుడి రెక్క తెరిస్తే అరిచింది. ఎడమ రెక్క తెరిచి మీ అమ్మ దర్జాగా లోపలికి నడిచి వచ్చింది. యంత్రం నోరు విప్పలేదు. దొంగ ఎడమచేతివాటం వాడైతే మన గతేమిటి? కాసేపు కూర్చుని ఆలోచించాను. ద్వారబంధం నుంచి ఊడదీసి, పెద్ద ముక్కను ఎడమ రెక్కకు, అయస్కాంతాన్ని కుడి రెక్కకు, రెండూ కలిసే చోట పెట్టాను. ఇప్పుడు ఏ రెక్క కదిలినా అవి విడిపోతాయి. ఈ సంగతి మీ ఫ్యాక్టరీ కాగితంలో లేదు. రాయమని చెప్పు.

వంటింటి తలుపు పలకలతో చేసింది, ద్వారబంధం కన్నా లోపలికి ఉంటుంది. గీతలు ఎదురెదురుగా రాలేదు. అయస్కాంతం కింద చిన్న చెక్కముక్క పెట్టి ఎత్తు సరిచేశాను.

అన్నిటికీ సైరనే పెట్టాను. గుసగుసలాడే కాపలావాడు నాకు అక్కర్లేదు. దొంగలు వచ్చేది వంటింటి తలుపు నుంచే అయినప్పుడు దానికి టింగ్ ఏమిటి? పరీక్ష చేసినప్పుడు వితోనో వాళ్ళ కోడిపుంజు ఇంటి కప్పెక్కింది. మీ అమ్మ చెవులు మూసుకుంది. నాకు మాత్రం చాలా తృప్తిగా అనిపించింది. నా మనవరాలి చేతిమీదుగా వచ్చిన వస్తువు మన గడపకు కాపలా ఉంది. మీ తాతగారు ఉంటే వీధిలో పోయే ప్రతివాణ్ణీ పిలిచి తలుపు తెరిపించేవారు.

మర్నాడు తుగి వచ్చినప్పుడు కాస్త ఉలిక్కిపడింది. ఏం ఫర్వాలేదు.

మధ్యాహ్నం ఒక కునుకు తీయగలుగుతున్నాను. ఇన్నాళ్ళూ అలమర వైపు ఒక చెవి వేసుకుని పడుకునేదాన్ని. ఇది నీ చలవే.

ఎయాంగ్

*

బతామ్,
ఏప్రిల్ 2

ఎయాంగ్,

రెండు రెక్కల తలుపు సంగతి మా సూపర్‌వైజర్‌కు చెప్పాను. "మీ నాన్నమ్మకు ఉద్యోగం కావాలా?" అన్నాడు. ఆమె వస్తే ముందు మీ ఉద్యోగం పోతుందన్నాను.

జూన్‌లో వారం రోజులు సెలవు రాశాను. వెయ్యో రోజుకు తప్పక ఉంటాను. ఆపెం అట్ల పిండి కలిపే పని నాకు ఉంచండి, తాతగారికి నా చేతివే నచ్చేవి. ఈ మాట మీకు నచ్చదని తెలుసు.

ఇంకొకటి. యూ తుగి కాస్త ఉలిక్కిపడిందని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఒకసారి రాసినదాన్ని నమ్మాలని మీరే నేర్పారు, నమ్మాను. కానీ మొన్న అమ్మ ఫోనులో యూ తుగి కాలికి కట్టు ఉందంది. ఎలా తగిలిందమ్మా అంటే, "మీ ఎయాంగ్‌నే అడుగు" అని ఫోను పెట్టేసింది.

అడుగుతున్నాను.

మీ వెనింగ్

*

క్లాటెన్,
ఏప్రిల్ 20

వెనింగ్,

అడిగావు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ పొద్దున తుగి ఎప్పటిలాగే కొబ్బరిపాల కూర గిన్నె రెండు చేతులా పట్టుకుని, మోకాలితో తలుపు నెట్టి లోపలికి వచ్చింది. సైరన్ అరిచింది. గిన్నె జారింది. సగం కూర నేల మీద, సగం ఆమె పాదం మీద. నీళ్ళు పోసింది నేనే, మందు రాసింది నేనే. సాయంత్రం మీ అమ్మ కట్టు కట్టింది. పొక్కులు తగ్గిపోయాయి. అంతవరకు నా వల్ల పొరపాటేమీ జరగలేదని అనుకుంటున్నాను.

మందు రాస్తూ ఒక మాట అన్నాను. "తుగీ, ఇకనుంచి ముందు వైపు వచ్చి గంట కొట్టు. నేనొచ్చి తీస్తాను. అప్పుడు నీకే ఇబ్బందీ ఉండదు." ఆమె మంచికే అన్నాను. ఆమె, టీచరుకు బదులిచ్చే బడిపిల్లలా, "అలాగేనండి బూ గురూ," అంది. నవ్వింది కూడా.

మర్నాడు గంట మోగింది. వెళ్ళి చూస్తే తుగి. ఇస్త్రీ చేసిన తలగుడ్డ, పండగ చెప్పులు. ఆ చెప్పులు మెట్టు కిందే విప్పి, వరండాలో నిలబడి, "కులనువున్" అని లోపలికి రావడానికి అనుమతి అడిగింది, ముక్కూ మొహం తెలియని వాళ్ళ గుమ్మంలో అడిగినట్టు.

"రా తుగీ, లోపలికి రా."

"ఆరోగ్యంగా ఉన్నారాండి బూ గురూ?"

"నిన్న పొద్దున చూశావు కదా."

"చూశానండి. ఇవాళ కూడా బాగున్నారా అని."

హాల్లో చెక్కకుర్చీ అంచున కూర్చుంది. టీ ఇచ్చాను. మూడుసార్లు తాగమంటే ఒక గుక్క తాగి, "మీకు శ్రమ ఇచ్చాను," అంది. కూర మూత ఉన్న కొత్త డబ్బాలో తెచ్చింది. డబ్బా తిరిగివ్వడానికి తొందరేం లేదంది. వెళ్ళేటప్పుడు సెలవు అడిగింది. వెనింగ్, తుగి ఎప్పుడైనా నన్ను సెలవు అడగడం విన్నావా? వచ్చీ రాగానే నా గిన్నెల మూతలు తీసి, "ఇదేం చారండీ, ఉప్పులో చేప ఈదుతోంది," అనే మనిషి. పీట లాక్కుని కూర్చుని బజారు కబుర్లన్నీ కుమ్మరించి, నా కత్తిపీట మొండిదని తిట్టి, చెప్పాపెట్టకుండా లేచిపోయే మనిషి.

మన ఊళ్ళో మనసు నొచ్చుకున్నవాళ్ళు గొంతు పెంచరు, మర్యాద పెంచుతారు. నెల దాటింది. తుగి వారానికోసారి వస్తోంది, ముందు తలుపు నుంచే. ఆమెను చూసి మిగతావాళ్ళూ అంతే. పెద్ద వంటల దగ్గర పెత్తనమంతా ఎవరిదో నీకు తెలుసు కదా, ఆ బూ ఙదిమన్ కూడా మొన్న బాణలి కావాలని గంట కొట్టి అడిగింది. ఏమైనా మనసులో పెట్టుకున్నారా అని ఒక్కొక్కరినీ సూటిగా అడిగాను. "అయ్యో, ఏముంటుందండీ, ఏమీ లేదు," అన్నారు. ఏమీ లేదని అంత చక్కగా చెబితే ఇక మాట్లాడడానికి ఏముంటుంది?

నా బెంగ ఇదీ. వంటసాయానికి ఎవరినీ కార్డు ఇచ్చి పిలవం. వెనక తలుపున వచ్చేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కత్తి పట్టుకుని వస్తారు. ముందు తలుపున వచ్చేవాళ్ళు భోజనానికి వస్తారు. తుగి ఒక్క మాట కదిపితే వీధి వీధంతా కదులుతుంది. ఈపాటికి కొబ్బరికాయలు ఎక్కడ కొంటున్నారు, కోళ్ళెన్ని, జిగురుబియ్యం ఎవరు నానబెడతారు అని అడుగుతూ ఉండాలి. ఒక్కరూ అడగలేదు. మీ నాన్న, "హోటల్లో భోజనం డబ్బాలు చెప్పేద్దామమ్మా, అందరూ అదే చేస్తున్నారు," అంటున్నాడు. చేసుకోనీ. మీ తాతగారి ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, రెండు సంవత్సరీకాలు ఆ వంటింట్లోనే, ఆ ఆడవాళ్ళ చేతులమీదే జరిగాయి. ఆఖరిది అట్టడబ్బాల్లో వస్తే ఆయన పట్ల నా బాధ్యత సగంలో ఆగిపోయినట్టే.

యంత్రం మాత్రం చక్కగా పనిచేస్తోంది. వంటింటి తలుపు నెలరోజులుగా ఒక్కసారి కూడా అరవలేదు.

ఎయాంగ్

*

బతామ్,
మే 3

ఎయాంగ్,

ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చింపేశాను. మీ ఎర్రకలానికి భయపడే మూడోసారి రాస్తున్నాను.

ముందు యంత్రం సంగతి, అది తేలిక. మీరు కాపాడాలనుకున్నది తలుపును కాదు, అలమరను. వంటింటి తలుపు నుంచి ఆ రెండు ముక్కలూ నెమ్మదిగా ఊడదీయండి. కింద అంటు ఊడకపోతే గట్టి దారం తీసుకుని వెనకవైపు రంపంలా అటూ ఇటూ ఆడించండి, వచ్చేస్తుంది. పెట్టెలో అడుగున అంటుకాగితాలు వేరేవి ఉన్నాయి. అలమర తలుపుకు పెట్టండి. సైరన్ అక్కడ ఎంత కావాలంటే అంత అరవనివ్వండి.

ఇక రెండోది. మన ఇంట్లో గంట ఎవరు కొడతారు ఎయాంగ్? కరెంటు మీటరు చూసేవాడు. జనాభా లెక్కలవాళ్ళు. పార్సిల్ తెచ్చేవాడు. మీరు యూ తుగిని వాళ్ళతో పాటు నిలబెట్టారు. మీరు ఆమె కాలి గురించే ఆలోచించారని నాకు తెలుసు. ఆమెకూ తెలిసే ఉంటుంది. అయినా అంతే.

చిన్నప్పుడు అమ్మకు రాత్రి డ్యూటీలు, పగలు నిద్ర, మీకు బడి, తాతగారికి ఆఫీసు. బడి నుంచి వచ్చి నేను ఎక్కడ అన్నం తిన్నానని మీరు ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో మూత కింద పెట్టింది తిన్నాననుకున్నారు. దాన్ని యూ తుగి తన కోళ్ళకు వేసేది. నేను ఆమె వంటింట్లో, పొయ్యి పక్కన కూర్చుని, ఆమె పిల్లలతో పాటు వేడన్నం తినేదాన్ని. మీకు చెబితే మీరు ఆ అన్నానికి బదులు ఏదో ఒకటి పంపి లెక్క సరిచేస్తారని, చెప్పొద్దని ఆమే అంది. "మీ ఎయాంగ్‌కు బాకీ అంటే జ్వరం వస్తుంది," అనేది. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. సరిచేయకండి.

ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. మీరు ఎవరింటికి వెళ్ళినా చేతిసంచీ పట్టుకుని ముందు వైపునుంచే వెళ్తారు. మీరు బూ గురు కాబట్టి చాప పరుస్తారు, మంచి కప్పు తీస్తారు. అందరూ మన వంటింట్లోకి వచ్చారు. మీరు ఎవరి వంటింట్లోకి వెళ్ళారు?

కోపం వస్తే ఉత్తరం తిప్పి పంపండి.

మీ వెనింగ్

*

క్లాటెన్,
మే 12

వెనింగ్,

ఉత్తరం అందింది. దారం చిట్కా బాగుంది. వంటింటి తలుపు రంగు కూడా పోలేదు. యంత్రం అలమరకు మార్చాను.

మిగతా ఉత్తరం దిద్దలేదు.

ఎయాంగ్

*

బతామ్,
మే 30

ఎయాంగ్,

సెలవు రద్దు చేశారు. ఓడకు ఎక్కవలసిన సరుకు వెనకబడిందని జూన్ అంతా ఎవరినీ కదలనివ్వడం లేదు. బతిమాలాను. ఏడ్చాను కూడా. మా సూపర్‌వైజర్ మంచివాడే, ఆయన చేతిలో లేదు.

తాతగారి వెయ్యో రోజున నేను ఇక్కడ బల్ల ముందు కూర్చుని అయస్కాంతాలు జరుపుతూ ఉంటాను. డబ్బాలు తెప్పించినా సరే, ఏం జరిగినా సరే, జరిగింది జరిగినట్టు రాయండి. మీ గురించి మీరు రాసేది ఏదైనా నేను నమ్ముతాను, ఒక్కసారి రాసినా.

మీ వెనింగ్

*

క్లాటెన్,
జూన్ 19

వెనింగ్,

తీరిక దొరికింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నీ మే నెల ఉత్తరం నాలుగు రోజులు సొరుగులో పెట్టాను. ఐదో రోజు ఆపెంలు కాల్చి, ఒక పళ్ళెంలో పెట్టి, పైన అరిటాకు కప్పి తుగి ఇంటికి బయలుదేరాను. చేతిసంచీ తీసుకోలేదు. వాళ్ళ ఇంటి వెనక్కు ఎలా వెళ్ళాలో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. గోడ పక్కన సందు ఉందనుకున్నాను, అది కోళ్ళగూడు. బట్టలారేసిన తీగ కింద దూరి, బావి చుట్టూ తిరిగి వెళ్ళాను. తడిక తలుపు సగం తెరిచి ఉంది. లోపల సాంబెల్ పచ్చడి నూరుతున్న చప్పుడు. నిలబడ్డాను. వెనక తలుపు దగ్గర ఏమనాలో కూడా నాకు తెలియదు. ముందు గుమ్మంలో అనేదే అన్నాను. "కులనువున్."

నూరుడు ఆగింది.

"ఎవరూ? అయ్యో, బూ గురూ! ఇటేంటండీ, ఇక్కడంతా మసి. ముందుకి రండి, చాప పరుస్తాను."

"ముందుకు దారి నాకు తెలుసు తుగీ. కావలిస్తే అటే వచ్చేదాన్ని."

ఆమె ఒక్క క్షణం నా వంక చూసి పీట కాలితో ఇటు నెట్టింది. కూర్చున్నాను. అది ఎంత పొట్టిదంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. నా అవస్థ చూసి తుగి పెదవి కొరుక్కుంది. తర్వాత ఆపుకోలేక నవ్వేసింది.

"నవ్వు. లేవడానికి నువ్వే చెయ్యివ్వాలి," అన్నాను.

"నేనెందుకిస్తానండీ? ఇన్నేళ్ళకి నా వంటింట్లో కూర్చున్నారు, ఇంకో గంట కూర్చోండి."

నేను సిద్ధం చేసుకున్న మాటలు చెప్పాను. యంత్రం తలుపు నుంచి తీసేశానని, అలమరకు మార్చానని, దొంగల కోసం పెట్టిందే కానీ ఆమె కోసం కాదని. ఆమె సాంబెల్ రోలు ముందుకు జరుపుకుని మళ్ళీ నూరడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అంది.

"అది అరిచినందుకు కాదండీ. యంత్రానికి ఏం తెలుసు, నేనెవరో? మీకు తెలుసు కదా."

నీ మధ్యాహ్నపు అన్నాల సంగతి నోటిదాకా వచ్చింది. నువ్వు సరిచేయొద్దన్నావు. మింగేశాను. "తుగీ, జూన్‌లో ఆయన వెయ్యో రోజు. నా ఒక్కదాని వల్ల కాదు. నువ్వు రావాలి," అన్నాను. ఈ మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. పైకి అనడం అనుకున్నంత కష్టంగా లేదు.

ఆమె మిరపకాయ తొడిమ తుంచుతూ, "కొబ్బరికాయలెన్ని?" అంది.

నేను చెప్పాను.

"చాలవు. లెక్కలు చెప్పిన టీచరేనా మీరు? ఊరంతా వస్తారు," అంది.

వెనింగ్, ఆ సందులోంచి ఇంటికి వచ్చేటప్పుడు బట్టల తీగ కింద వంగడం కూడా మరిచిపోయాను. తడి దుప్పటి ముఖానికి తగిలింది. మంచిదే అయింది, ముఖం తుడుచుకోవడానికి ఒక సాకు దొరికింది.

ఆ రోజు సంగతి చెబుతాను. తెల్లవారుజాము ప్రార్థన కాగానే వెనక తలుపు తోసుకుని మొదట తుగి వచ్చింది, ఆమె వెనక వరసగా అందరూ. ఎవరి కత్తి వాళ్ళది, ఎవరి పీట వాళ్ళది. తలుపు మాటిమాటికీ మూసుకుంటోందని ఎవరో బియ్యం బస్తా అడ్డం పెట్టారు. కోళ్ళు, కొబ్బరి, జిగురుబియ్యం, బెల్లంలో ఉడికే అరటిపండ్లు. నీకు కనిపిస్తూనే ఉంటుంది, ఇంకా చెప్పక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. అలమర యంత్రాన్ని ఆపడం మరిచిపోయాను. తుగి పళ్ళేల కోసం తలుపు లాగింది. సైరన్ ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఎక్కడి కత్తులు అక్కడ ఆగిపోయాయి. అందరూ నా వంక చూస్తున్నారు. మళ్ళీ మొదటికి వచ్చిందనుకున్నాను. తుగి వెనక్కు ఒక్క అడుగు కూడా వేయలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని హాల్లో గోడకున్న డబ్బా వైపు తిరిగి,

"నోర్ముయ్యవే! ఇవి మా పళ్ళేలే!" అని సైరన్ కన్నా గట్టిగా అరిచింది.

నవ్వులే నవ్వులు. బూ ఙదిమన్‌కు నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, నీళ్ళు తాగించవలసి వచ్చింది. మీ అమ్మ పరుగెత్తుకొచ్చి రిమోట్ నొక్కింది. అది నోరు మూసుకుంది. "చూశారా, చెబితే వింటుంది," అంది తుగి.

ఆ తర్వాత నేను ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను. బూ ఙదిమన్ నా పళ్ళెంలోకి తొంగి చూసి, "ఇవేంటండీ బూ గురూ, ఉల్లిపాయలా, పడవ తెడ్లా?" అని పళ్ళెం లాగేసుకుంది. ఆపెంల దగ్గరికి వెళ్ళాను. పెనం ముందు నాకు దారి లేదు. చివరికి తుగి నన్ను భుజం పట్టుకుని ఒక మూలకు తీసుకెళ్ళి, "ఇక్కడ కూర్చుని అరిటాకులు తుడవండి. లేచారంటే ఊరుకోను," అంది. నా వంటింట్లో, నా ఇంట్లో, నన్ను. కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా అరిటాకులు తుడిచాను. ఎవరూ నాకు కుర్చీ వేయలేదు, ఎవరూ ఆరోగ్యం అడగలేదు. నా మీదుగానే మాట్లాడుకున్నారు, నా మీదుగానే గిన్నెలు అందించుకున్నారు. మీ తాతగారి గురించి నాకు తెలియని సంగతులు కూడా చెప్పుకున్నారు. వితోనో వాళ్ళావిడకు సైకిలు తొక్కడం ఆయనే నేర్పారట. నాకు ఎప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం మగవాళ్ళు వచ్చి ప్రార్థనలు చేశారు. అందరూ ఆకుల్లోనే తిన్నారు. వెళ్ళేవాళ్ళకు ఆకుల్లోనే కట్టి ఇచ్చాం. అట్టడబ్బా ఒక్కటి కూడా ఇంట్లోకి రాలేదు. మీ నాన్న సమాధి దగ్గర రాయి నిలబెట్టి వచ్చి, "అయిపోయిందమ్మా," అన్నాడు. నిజమే, ఆయనకు చేయవలసినది పూర్తయింది. చేసింది నేను కాదు. అందుకు నేను ఎవరెవరికి రుణపడ్డానో రాయడం మొదలుపెడితే ఈ కాగితం చాలదు. వాళ్ళలో నువ్వూ ఒకదానివి. యంత్రం పంపినందుకు ఒకసారి కృతజ్ఞతలు చెప్పాను. ఆ ఉత్తరం రాసినందుకు ఇప్పుడు చెబుతున్నాను. అది రాయడానికి నీకు ఎంత భయం వేసి ఉంటుందో నాకు తెలుసు. ఆ భయం పుట్టించింది నేనే కదా.

ఈ రోజు పాత్రలన్నీ కడిగి లెక్క చూసి అలమరలో సర్దాను. పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు సరిపోయాయి. ఒక గరిటె మాత్రం ఎక్కువ వచ్చింది. కొబ్బరిచిప్పకు కర్ర పిడి బిగించిన పాత గరిటె. సంఘానిది కాదు, మనదీ కాదు. తుగిని అడిగితే తనది కాదంది. బూ ఙదిమన్ తనది కాదంది. ఇల్లిల్లూ అడిగాను, ప్రతి ఒక్కరూ నాది కాదని నవ్వుతూ తల తిప్పుకున్నారు. అడగడం మానేశాను. అలమరలో పెట్టి తాళం వేస్తే దాని మనిషికి అందదు. అందుకని వంటింటి తలుపు పక్కన మేకు కొట్టి తగిలించాను.

ఎయాంగ్